కిందికి దిగిన గీత

పరిశోధనకు చేరేనాటికి ఆమెకు నలభై దగ్గరపడుతున్నాయి. అంతకుముందు హైస్కూల్లో సైన్సు చెప్పేది. ల్యాబులో మిగతావాళ్ళందరూ ఆమె దగ్గర చదువుకున్న పిల్లల ఈడువాళ్ళు. అక్కా అనాలో మేడమ్ అనాలో తేలక మొదట్లో నాలుగు రోజులు నీళ్ళు నమిలి, చివరికి అందరూ టీచరమ్మ అనేశారు. పక్క బల్ల దగ్గర పనిచేసే అతన్ని గడ్డం అంటారు. అతని అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా కనపడదు. "మీరు గొంతు సవరించుకుంటే చాలండీ, హోంవర్కు చెయ్యలేదని గుండె ఝల్లుమంటుంది నాకు" అనేవాడు అతను.

వయసు మించిపోయిందని ఇద్దరు ముగ్గురు తిప్పి పంపేసినప్పుడు ఆమెను చేర్చుకున్నది ప్రొఫెసరు గారు ఒక్కరే. ఇంటర్వ్యూలో ఆయన ఒక్కటే అడిగారు.

"చెయ్యి వణుకుతుందా?"

"లేదు సార్."

"అయితే సోమవారం రా."

ఆ మేలు టీచరమ్మ ఏనాడూ మరచిపోలేదు. తర్వాత జరిగినదంతా ఆమెకు అంత బరువుగా తోచడానికి కారణం కూడా అదే.

వాళ్ళ పని ఎలుక మెదడు మీద. ఎలుకకు మీసాలే వేళ్ళు. గోడ వెంట పరుగెడుతూ మీసాలతోనే దారి తడుముకుంటుంది. ఆ తడిమిన కబురు మెదడు పైపొరలో, కార్టెక్స్ అనే చోట, స్పర్శ కోసమే ఉన్న జాగాకు చేరుతుంది. ఆ జాగా నుంచి పల్చటి ముక్క కోసి, ఉప్పునీళ్ళలో ఉంచి, ఆక్సిజన్ బుడగలు పంపుతూ ఉంటే కొన్ని గంటలపాటు కణాలు బతికే ఉంటాయి. వెంట్రుకకన్నా సన్నటి మొన ఉన్న గాజు సూదితో వాటిలో ఒక్కదాన్ని పట్టుకోవాలి. ఊపిరి బిగబట్టి చేసే పని. పట్టు కుదిరితే ఆ కణం ఏమంటోందో కంప్యూటరు తెర మీద గీతలా కనిపిస్తుంది. కణం ఉత్సాహపడితే గీత పైకి లేస్తుంది. ఊరుకుంటే కిందికి దిగుతుంది.

కణం నుంచి కణానికి కబురు మోసేది ముఖ్యంగా గ్లుటమేట్ అనే పదార్థం. దాన్ని అందుకోవడానికి కణం ఒంటి మీద రిసెప్టర్లుంటాయి. గ్లుటమేట్ అంటే మేలుకొలుపు అని ప్రొఫెసరు గారు పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నారు. కణాన్ని శాంతింపజేసే పని దానిది కాదు, గాబా అనే వేరే పదార్థానిది. ఆయన బోర్డు మీద గీసే బొమ్మలో గ్లుటమేట్ బాణం ఎప్పుడూ ముందుకే పోతుంది.

ఒకరోజు పొద్దున టీచరమ్మ ఒక కణాన్ని పట్టుకుని, పక్కపొరలో చిన్న కరెంటు దెబ్బ ఇచ్చింది. ఒక్క దెబ్బ ఇవ్వడం ఆ ల్యాబు ఆనవాయితీ. అయితే ముందురోజు అదే యంత్రం వాడిన గడ్డం దాన్ని మళ్ళీ సర్దడం మరచిపోయాడు. ఒకటికి బదులు పది దెబ్బలు టకటకా పడిపోయాయి. గీత చివ్వున పైకి లేచింది. లేచింది లేచినట్టు దిగి, మామూలుగా ఉండే మట్టం దాటి కిందికి జారింది. జారి, అక్కడే చాలాసేపు ఉండిపోయి, తీరిగ్గా పైకొచ్చింది.

"నీ నిర్వాకమేనా ఇది?" అంది టీచరమ్మ, మీట చూపిస్తూ.

"అయ్యో, సారీ అండీ. మార్చేస్తాను."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను. ఉండు."

మళ్ళీ పది దెబ్బలు ఇచ్చింది. మళ్ళీ దిగింది. గాబా పనే అయ్యుంటుందనుకుని, గాబాను అందుకునే రిసెప్టర్లు రెండు రకాలనూ మూసేసే మందులు నీళ్ళలో కలిపింది. అయినా గీత దిగింది. మర్నాడు కొత్త ముక్కతో మొదలుపెట్టి, గ్లుటమేట్‌ను అందుకుని కణాన్ని మేల్కొలిపే రిసెప్టర్లను కూడా మూసింది. ఈసారి పైకి లేవడం పూర్తిగా పోయింది. దిగడం మాత్రం ఉంది. అంటే మేల్కొలుపు లేకుండానే శాంతి వస్తోంది. అది ఎక్కణ్ణుంచి?

ఆమెకు ఒక అనుమానం వచ్చింది. గ్లుటమేట్‌కు మరో రకం రిసెప్టర్లున్నాయి. మొదటి రకం తలుపుల్లాంటివి, గ్లుటమేట్ తగలగానే తెరుచుకుంటాయి, విద్యుత్తు లోపలికి దూసుకొస్తుంది. రెండో రకం తలుపులు కావు. అవి కణం లోపలికి కబురు పంపుతాయి, లోపలివాళ్ళు వెళ్ళి వేరే తలుపులు తీస్తారు. వాటిలో కొన్ని తీయించే తలుపులగుండా పొటాషియం బయటికి పోతుంది, కణం చల్లబడుతుంది. పని నిదానం, ప్రభావం ఎక్కువసేపు. ఆ రకాన్ని మూసే మందు ఫ్రిజ్‌లో ఒక మూలన ఉంది. కలిపింది. గీత దిగడం మానేసింది. మందు కడిగేసింది. గీత మళ్ళీ దిగింది.

టీచరమ్మ స్టూలు మీద వెనక్కి వాలి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. మేలుకొలిపేదని పేరుపడ్డ గ్లుటమేటే, ఈ కణాన్ని చేత్తో ఒత్తి కూర్చోబెడుతోంది.

ప్రొఫెసరు గారు వచ్చి తెర చూశారు.

"ముక్క బాగాలేదేమో."

"పది ముక్కల పైనే చూశాను సార్. అన్నింట్లోనూ అంతే."

"లే."

ఆయన స్వయంగా కూర్చున్నారు. ఆ వయసులోనూ ఆయన చెయ్యి రాయిలా నిలబడుతుంది. కణాన్ని పట్టుకున్నారు. యంత్రాన్ని ఒక్క దెబ్బకు మార్చి ఇచ్చారు. గీత లేచింది, మట్టానికి వచ్చి ఆగింది. ఇంకో కణం. అంతే. మరొకటి. అంతే.

"ఏది నీ దిగడం?"

"ఒక్క దెబ్బకు రాదు సార్. ఈ రిసెప్టర్లు కాస్త ఎడంగా ఉంటాయి. ఒక్క దెబ్బకు వచ్చే గ్లుటమేట్ అక్కడిదాకా పోదు. వరసగా ఇస్తేనే పొంగి వాటిని చేరుతుంది. పది ఇవ్వండి."

"ఇవ్వను." ఆయన లేచారు. "చావగొడితే ఏ కణమైనా సోలిపోతుందమ్మా. నువ్వు దాన్ని కొట్టి, అది మాట్లాడట్లేదు చూడండి అంటున్నావు. మెదడు తనంతట తాను అలా కొట్టుకుంటుందా?"

"ఎలుక గోడ వెంట పోతుంటే మీసాలు ఒకసారి తగిలి ఊరుకుంటాయా సార్? వరసగా తగులుతూనే ఉంటాయిగా."

"చూశావా?"

"ఏంటి సార్?"

"నడిచే ఎలుకలో చూశావా? ఉప్పునీళ్ళలో ముక్క పెట్టుకుని గోడ వెంట పరుగుల గురించి చెప్పకు."

అది అన్యాయమైన మాట కాదు. అందుకే టీచరమ్మకు మరీ మండింది.

రెండు వారాల తర్వాత ఆయన ఆమెను గదికి పిలిచారు. బల్ల మీద ఆమె థీసిస్ ముసాయిదా ఉంది. కిందికి దిగే గీత గురించి రాసిన నాలుగో అధ్యాయం మొత్తానికి అడ్డంగా పెన్సిలు కొట్టివేత ఉంది.

"మిగతాది బాగుంది. ఇది తీసెయ్. రేపే సంతకం పెడతాను. నీ ఫెలోషిప్ అయిపోవస్తోంది, నాకు తెలుసు. నీ మంచికే చెబుతున్నాను."

"తప్పని చూపిస్తే తీసేస్తాను సార్."

"నాకు నమ్మకం లేదు. అది చాలదా?"

టీచరమ్మ బల్ల మీది కాగితాలు తీసుకుంది. "చాలదు సార్" అంది. ఆ మాట ఆమె నోటినుంచి వచ్చాక గానీ ఎంత గట్టిగా అందో ఆమెకు తెలియలేదు. బయట వరండాలో ఇద్దరు తలలు తిప్పి చూశారు.

ఇంట్లో ముగ్గురే. భర్త కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. అత్తగారు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయింది. సాయంత్రం టీ దగ్గర విషయం చెబితే భర్త కప్పు కింద పెట్టేశాడు.

"ఒక్క అధ్యాయమేగా? తీసేసి డిగ్రీ తెచ్చుకుంటే తర్వాత నీ ఇష్టం వచ్చింది చేసుకోవచ్చు. ఇన్నేళ్ళు కష్టపడ్డావు. చేర్చుకున్న మనిషితోనే గొడవేంటి?"

"గొడవ నేను పెట్టుకోలేదు."

"నువ్వు పెట్టుకోలేదు, దానంతటదే వచ్చి నీ ఒళ్ళో కూర్చుంది. పెళ్ళయిన కొత్తల్లో అద్దె ఇంటి ఓనరుతో గొడవైనప్పుడు కూడా ఇదే మాట చెప్పావు."

అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూ అంతా వింటోంది. ఆవిడకు గ్లుటమేట్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. ఎలుకలంటే మాత్రం పరమ అసహ్యం. కోడలు ఇంటికి రాగానే చేతులు రెండుసార్లు కడిగిస్తుంది.

"నాకో సంగతి చెప్పమ్మాయ్. చూడనిది చూశానని రాయమంటున్నాడా ఆయన?"

"లేదత్తయ్యా. చూసింది తీసెయ్యమంటున్నారు."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"కళ్ళజోడు పెట్టుకునే?"

"పెట్టుకునే!"

"అయితే ఎందుకు తీస్తావు? కోర్టులో సాక్షి చెప్పింది నచ్చకపోతే వకీలు అరుస్తాడు, ఎగురుతాడు, నీకు చత్వారం ఉందంటాడు. టైపు చేసింది కొట్టెయ్యమని మాత్రం నన్ను ఏ వకీలూ అడగలేదు. అడిగితే ఊరుకునేదాన్ని కాదు." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నువ్వు టీ తాగు. చల్లారిపోతోంది."

భర్త తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. "ఈ ఇంట్లో నా ఓటు ఎప్పుడైనా చెల్లిందా?" అని కప్పు ఎత్తుకున్నాడు.

విభాగంలో ప్రతి పరిశోధకుడూ థీసిస్ ఇచ్చేముందు అందరి ఎదుటా మాట్లాడాలి. టీచరమ్మ వంతు వచ్చింది. హాలు సగానికి పైగా నిండింది. ప్రొఫెసరు గారు ముందు వరసలో మధ్యన కూర్చున్నారు. మూడు అధ్యాయాలు సాఫీగా గడిచాయి. అక్కడితో ముగించి ధన్యవాదాలు చెబుతుందనుకున్నారు అందరూ. ఆమె మీట నొక్కింది. తెర మీద ఆ గీత కనిపించింది, పైకి లేచి, కిందికి జారి, చాలాసేపు అక్కడే ఉన్న గీత.

ప్రొఫెసరు గారు కూర్చున్నచోటి నుంచే అన్నారు: "అది తీసెయ్యమన్నాను."

వెనక వరసలో గడ్డం కళ్ళు మూసుకున్నాడు.

"తియ్యలేదు సార్" అంది టీచరమ్మ. గొంతు వణికింది. చెయ్యి వణకలేదు. "దీన్ని మా గైడ్ గారు నమ్మడం లేదు. అది కూడా చెబుతున్నాను. ఆయన ఒక్క దెబ్బ ఇస్తే రాలేదు, ఆ గీతలు కూడా పక్కనే పెట్టాను. పది ఇస్తే వచ్చింది. మందు వేస్తే పోయింది, కడిగితే వచ్చింది. ఎవరికి ఏ సందేహం ఉన్నా అడగండి. నాకు తెలియకపోతే తెలియదంటాను. కానీ ఇది నేను చూశాను."

ప్రొఫెసరు గారు లేచి బయటికి వెళ్ళిపోయారు. తలుపు మెల్లగానే వేశారు. అది విసిరికొట్టినదానికన్నా ఎక్కువ తగిలింది ఆమెకు.

మర్నాటికి ఆమె బల్ల మీద చిన్న కాగితం ఉంది. ఇకనుంచి ఆమెకు తాను గైడ్‌గా ఉండలేనని, వేరే ఏర్పాటు చూసుకోమని ఆయన రాశారు. కోపం మాటలేమీ లేవు. టీచరమ్మ తన గాజు సూదుల పెట్టె, స్వెట్టరు, టీ కప్పు ఒక అట్టపెట్టెలో సర్దుకుంది. గడ్డం పెట్టె ఒక పక్క పట్టుకున్నాడు.

"క్షమించమని ఒక్క మాట అనండి టీచరమ్మా. ఆయన మంచివారే, కరిగిపోతారు."

"దేనికి క్షమాపణ? గీత కిందికి దిగినందుకా?"

"అబ్బ! నేనా మీట సర్దిపెట్టి ఉంటే ఈ గోలంతా ఉండేది కాదు."

"నువ్వు జీవితంలో చేసిన మంచిపని అదొక్కటే. మెట్లు చూసుకుని దిగు."

కింద అంతస్తులో వినికిడి మీద పనిచేసే విభాగం ఉంది. దాని పెద్దను అందరూ డాక్టరమ్మ అంటారు. మాటలో తడి తక్కువ. ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా ఆవిడ రెప్ప వెయ్యదంటారు. టీచరమ్మ చెప్పిందంతా విని, గీతలన్నీ చూసి, ఆవిడ ఆ కాగితాలు వెనక్కి తోసింది.

"నాకూ నమ్మకం కుదరడం లేదు. ఆయన అడిగింది సరైన ప్రశ్నే."

"అవునండీ. అందుకే వచ్చాను. మీ దగ్గర బతికున్న ఎలుకకు మత్తిచ్చి శబ్దాలు వినిపిస్తారుగా. కరెంటు దెబ్బలు అక్కర్లేదు. చెవిలోంచి వెళ్ళే మామూలు శబ్దం చాలు. మెదడు తనంతట తాను చేస్తుందో లేదో అక్కడ తేలిపోతుంది."

"తేలకపోతే?"

"తీసేస్తాను. నేనే తీసేస్తాను. ఇంకొకరు చెప్పక్కర్లేదు."

డాక్టరమ్మ అప్పుడు రెప్ప వేసింది. "ఆ మూల బల్ల ఖాళీగా ఉంది. జీతం మాత్రం నా దగ్గర లేదు."

ఆ ఏడాది సులువుగా గడవలేదు. టీచరమ్మ పొద్దున స్కూల్లో పాఠాలు చెప్పి, మధ్యాహ్నానికి ల్యాబుకు వచ్చేది. కొత్త పని చేతికి పట్టుబడటానికే చాలాకాలం పట్టింది. ఉప్పునీళ్ళలో ముక్క కదలదు, బతికున్న ఎలుక ఊపిరి పీలుస్తుంది, గుండె కొట్టుకుంటుంది. ప్రతి ఊపిరికీ సూది కణాన్ని వదిలేసేది. కొన్ని వారాలు ఒక్క మంచి గీత కూడా రాలేదు. ప్రొఫెసరు గారు మెట్ల దగ్గర ఎదురుపడితే తల ఊపేవారు. ఆమె నమస్కారం పెట్టేది. ఇద్దరూ అంతకుమించి మాట్లాడుకునేవారు కాదు. ఆమె మీద జాలిపడ్డవాళ్ళు కొందరు, పంతానికి పోయి చెడిందన్నవాళ్ళు కొందరు. ఆమె రెండు రకాల వాళ్ళకూ ఒకే జవాబు చెప్పేది: "పని ఉంది, మళ్ళీ మాట్లాడదాం."

చివరికి ఒక మధ్యాహ్నం పట్టు కుదిరింది. చిన్న స్పీకరులోంచి టిక్కు టిక్కు టిక్కుమని శబ్దం మొదలైంది. మెదడులోని వినికిడి పొరలో ఉన్న కణం మొదటి టిక్కుకు గట్టిగా పలికింది. రెండోదానికి కాస్త తగ్గింది. పోనుపోను పలకడం సన్నగిల్లింది. ఇది మామూలే, ఎవరికీ కొత్త కాదు. గోడగడియారం చప్పుడు కాసేపటికి మనకు వినపడనట్టు. ఆమె ఆ పొర మీద మందు చుక్క వేసింది, నిదానం రకం రిసెప్టర్లను మూసే అదే మందు. కాసేపు ఆగి, మళ్ళీ స్పీకరు వేసింది.

కణం తగ్గలేదు. మునుపంత త్వరగా తగ్గలేదు. మొదటి టిక్కుకు పలికినంత గట్టిగా కాకపోయినా, చాలాసేపటిదాకా పలుకుతూనే ఉంది. నెమ్మదించమని చెయ్యి వేసి ఆపేవాళ్ళు ఎవరూ లేనట్టు. మందు కడిగాక మళ్ళీ ఎప్పట్లా సన్నగిల్లింది.

డాక్టరమ్మ ఆమె వెనక నిలబడి చూస్తోంది. "ఇంకో ఎలుక" అంది. టీచరమ్మ ఇంకొకటి చేసింది. "ఇంకొకటి" అంది. ఆ వారమంతా ఆవిడ నోట వేరే మాట లేదు. తర్వాత ఒకరోజు వచ్చి, "రాయడం మొదలుపెట్టు. పూర్తిగా ఇదే ఆపుతోందని రాయకు, ఇంకా కారణాలుంటాయి. ఇది కూడా ఆపుతోందని రాయి. అధ్యాయం ఉంచు" అని వెళ్ళిపోయింది.

థీసిస్ పరీక్ష రోజున ప్రొఫెసరు గారు వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. పరీక్షకులు అడగవలసినవి అడిగాక ఆయన చెయ్యెత్తారు.

"మెదడు తనంతట తాను అలా చేస్తుందా అని నేను ఒకప్పుడు అడిగాను."

"అడిగారు సార్. ఆ ప్రశ్న మీదేనని ముందుమాటలో రాశాను. చేస్తుంది. శబ్దానికి చేస్తుంది. మీసాలకు కూడా చేస్తుందో లేదో నేను చూడలేదు. మీ ల్యాబులో చూడొచ్చు."

ఎవరో నవ్వారు. ప్రొఫెసరు గారు నవ్వలేదు. తెర మీది గీత వైపే చూస్తూ ఉండిపోయారు. అందరూ వెళ్ళాక మెట్ల దగ్గర ఆమె కోసం ఆగి ఉన్నారు.

"మందు ఎంత గాఢతలో వాడావు?"

చెప్పింది.

"ఎక్కువేమో. సగానికి తగ్గించి చూడు."

"తగ్గించీ చూశాను సార్. అయిదో అధ్యాయంలో ఉంది."

"చదువుతాను." ఒక మెట్టు ఎక్కి ఆగారు. "నువ్వన్నది ఒప్పుకున్నానని అనుకోకు."

"అనుకోను సార్. మీరు పది దెబ్బలు ఇచ్చి చూసేదాకా అనుకోను."

ఆయన పైకి వెళ్ళిపోయారు. ఆయన ఎన్నడైనా ఇచ్చి చూశారో లేదో ఆమెకు తెలియలేదు. అడగలేదు కూడా. ఇంట్లో అత్తగారు ఆ సాయంత్రం కోడలిచేత చేతులు మూడుసార్లు కడిగించి, ఆ తర్వాత దగ్గరకు తీసుకుంది.

డిగ్రీ చేతికొచ్చాక డాక్టరమ్మ ఆమెను జీతం మీదే ఉంచుకుంది. వ్యాసం అచ్చుకు పంపడానికి సిద్ధమవుతున్న రోజుల్లో, టీచరమ్మ ఒక కణాన్ని పట్టుకుంది. అదే పొర, అవే టిక్కులు. కణం తగ్గలేదు. పైగా టిక్కు టిక్కుకూ రెచ్చిపోతోంది. మందు ఏదీ వెయ్యలేదు. మర్నాడు అలాంటిదే మరొకటి దొరికింది. నిదానం రకం రిసెప్టర్లలో మళ్ళీ తెగలున్నాయి, కొన్ని చల్లబరిస్తే కొన్ని రెచ్చగొడతాయి. ఈ కణాల్లో ఆ రెండో తెగ ఉందేమో. లేక తన లెక్కే ఎక్కడో తప్పిందేమో.

డాక్టరమ్మ తెర చూసి పెదవి విరిచింది.

"రెండు కణాలు. నీ వ్యాసానికి అడ్డం తప్ప ఇంకేం లేదు. వదిలెయ్. అచ్చయ్యాక చూసుకుందాం."

"దీన్నీ పెడతానండీ."

"నీ మాటకే ఎదురు వస్తోంది, తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"వ్యాసం ఆలస్యమవుతుంది."

"కానివ్వండి."

టీచరమ్మ అప్పటికే స్టూలు ముందుకు లాక్కుని, కొత్త గాజు సూది చేతిలోకి తీసుకుంది.